ఇంటి కన్ను

ఆ ఉదయం ఆకాశంలో మబ్బూ లేదు, ఎండా లేదు. పల్చటి సున్నం పూసి ఆరబెట్టినట్టు ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే తెలుపు. బట్టీ మేస్త్రి గుమ్మంలో నిలబడి పళ్ళు తోముకుంటూ కాసేపు దానికేసే చూశాడు. ఎడమ కంటిని అరచేత్తో మూసి చూశాడు. తెలుపు. చెయ్యి కుడికంటి మీదికి మార్చాడు. అప్పుడూ తెలుపే గాని, కరెంటు తీగ మీద ఒక పిట్ట, ఎదురింటి డాబా మీద ఆరేసిన చొక్కా కనిపించాయి. మళ్ళీ మార్చాడు. పిట్ట పోయింది. చొక్కా పోయింది.

"ఏమయ్యా, పొద్దున్నే ఆకాశంతో దాగుడుమూతలా?" అంది భార్య లోపలి నుంచి. "నోరు కడుక్కుని రా. టీ చల్లారిపోతోంది."

పెరట్లో అల్లుడు కిటికీ ఊచకి చిన్న అద్దం తగిలించి గడ్డం గీసుకుంటున్నాడు. ఎడమ కన్ను గట్టిగా మూసుకున్నాడు. మూసిన వైపు పెదవి కూడా పైకి లేచి పన్ను బయటికొచ్చింది.

"అలా ఒంటికంటితో గీస్తే గడ్డంతో పాటు ముక్కు కూడా పోతుంది," అంది కూతురు, బిందె నింపుకుంటూ.

"అలవాటు చేసుకుంటున్నానే. సోమవారం బట్టీ కంత ముందు నిలబడి రెండు కళ్ళూ టపటపలాడిస్తే నలుగురూ నవ్వరూ?"

"ఏది ఉంచుకుంటావో తేల్చుకున్నావా మరి?"

"నువ్వే చెప్పు."

"కుడిది ఉంచుకో. మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు దాంతోనే కదా నాకు కన్నుకొట్టావు."

"నేనెక్కడ కొట్టాను? దుమ్ము పడింది."

"దుమ్ము పడితే ఆ ముసిముసి నవ్వులెందుకో."

మేస్త్రి గట్టిగా దగ్గి, తను ఉన్నట్టు తెలియజేశాడు. కూతురు బిందె చంకనెత్తుకుని లోపలికి పోయింది. అల్లుడు మిగిలిన సబ్బునురగ తుడుచుకుని, "మామయ్యా, మీరు కుడి కన్ను ఎందుకిచ్చారు?" అని అడిగాడు.

"అడిగినప్పుడు నోటికొచ్చింది చెప్పాను," అన్నాడు మేస్త్రి.

ఆ గాజు ఫ్యాక్టరీలో బట్టీ చూసేవాళ్ళందరి సంగతీ అంతే. కరుగుతున్న గాజుని అక్కడ పాకం అంటారు. పాకం అయిందో లేదో బట్టీ గోడకున్న చిన్న కంతలోంచి మంట రంగు చూసి చెప్పాలి. చూసేది ఒక కంటితోనే. రెండోది మూసుకోవాలి. కొత్తవాడు మొదటిరోజు కంత ముందు నిలబడితే పాతవాడు అందరి ముందూ అడుగుతాడు, ఏ కన్ను ఇస్తావని. ఇచ్చిన కన్ను ఇక బట్టీది. మిగిలింది ఇంటిది. మేస్త్రి కుడిది ఇచ్చాడు. రెండో షిఫ్టు చూసేవాడు, అందరూ బుగ్గలు అని పిలిచే మనిషి, ఎడమది ఇచ్చాడు. కంత పక్కన మేకుకి నల్లద్దాలు వేలాడుతుంటాయి. అవి పెట్టుకుంటే మంటంతా ఒకే రంగైపోతుందని ఎవరూ ముట్టుకోరు.

మంటకి మొదట ఎర్రమట్టి రంగు. ఆ తర్వాత నారింజ తొక్క. ఆ తర్వాత ఎండుగడ్డి. ఎండుగడ్డి దాటాక ఇంకో రంగొస్తుంది. దానికి పేరు లేదు. దాన్ని చూసినవాడు "వచ్చింది" అంటాడు, అంతే. మేస్త్రి ఆ రంగు చూసి ఏడాది దాటింది. ఆ సంగతి తెలిసినవాడు అతనొక్కడే.

ఆసుపత్రిలో మసకబారిన కళ్ళు మళ్ళీ తేటగా చేస్తున్నారని బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నాడు. సోమవారంలోగా ఈ కుడికన్ను బాగుపడితే అల్లుణ్ణి పక్కన నిలబెట్టుకుని, ముందు తను చూసి, తర్వాత వాడికి చూపించి, "అదిగో, అదే" అనొచ్చు. ఆ మాట అనాలని లోపలెక్కడో ఒక పట్టుదల. దానికంటే ముందు, ఇంకొక్కసారి తను చూడాలని ఆశ. ఆ ఆశ సంగతి తనకి తను కూడా పైకి చెప్పుకోలేదు.

"బూటు కుట్టించుకొస్తాను," అన్నాడు టీ గ్లాసు కిందపెట్టి.

"బూట్లు కాళ్ళకే ఉన్నాయిగా," అంది భార్య.

"కాళ్ళకి ఉంటేనే కదా అక్కడిదాకా పోయేది."

ఆమె అతని ముఖంకేసి ఒక క్షణం చూసి, నవ్వి ఊరుకుంది.

*

ఆసుపత్రి బెంచీ మీద చాలాసేపు కూర్చోబెట్టారు. నర్సు రెండు కళ్ళలోనూ చుక్కలేసింది. కళ్ళు భగ్గుమన్నాయి. కాసేపటికి తన అరచేతి గీతలు తనకే కలిసిపోయాయి. పక్కనున్న ముసలామె, "నీకూ పొరేనా నాయనా?" అంది. "ఏమోనమ్మా, చూడాలి," అన్నాడు.

డాక్టరు వయసులో ఉన్న మనిషి. కొంగు నడుముకి దోపుకుని గబగబా పని చేస్తోంది. గడ్డం మిషనుకున్న చిన్న ఇనుప తొట్టి మీద ఆనించమంది. సన్నటి వెలుతురు తెచ్చి కుడికంట్లోకి పెట్టింది. ఆ కంటికి వెలుగు తెలిసింది. వెలుగు ఒక్కటే తెలిసింది.

"ఏం పని చేస్తారు పెద్దాయనా?"

"గాజు బట్టీ దగ్గరండీ."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పెళ్ళి కాకముందు నుంచి."

ఆమె దీపం కట్టేసి కుర్చీ వెనక్కి జరుపుకుంది. "గుడ్డు పగలగొట్టి వేడి పెనం మీద వేస్తే సొన ఏమవుతుంది?"

"తెల్లబడుతుంది."

"కంటి లోపల తేటనీళ్ళలాంటి బిళ్ళ ఒకటుంటుంది. మీరు రోజూ చూసిన మంటకి అది అలాగే తెల్లబడింది. దాన్ని తీసేసి కొత్తది పెట్టొచ్చు. మేం రోజూ చేసే పనే."

అతను కుర్చీలో ముందుకి జరిగాడు. "అయితే సోమవారానికి…"

"ఆగండి. చెప్పనివ్వండి." ఆమె తన అరచేయి చాపి మరో చేతి వేలితో మధ్యలో గుచ్చి చూపించింది. "కంటి వెనక ఒక పొర ఉంటుంది. బొమ్మ పడేది దాని మీదే. ఆ తెలుపు సందుల్లోంచి నాకు కనిపించినంతలో, దాని నడిమధ్యన కాలిన మచ్చ ఉంది. బిళ్ళ మారిస్తే వెలుగు పెరుగుతుంది, పక్కల కనిపిస్తుంది, గోడలు గుద్దుకోకుండా నడవగలరు. దేన్ని నేరుగా చూస్తే అది మాత్రం కనిపించదు."

"రంగు?"

"ఏ రంగు?"

"ఏదైనా. రంగు చూడాలంటే నేరుగానే చూడాలి కదండీ."

"అవును," అందామె మెల్లగా. "ఆ నేరుగా చూసేదే పోయింది."

అతను కాసేపు తొట్టి అంచుని బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. తర్వాత, ఎదుటివాళ్ళని ఓదారుస్తున్నట్టు, "పోనీలెండి. ఒకటి దాచుకున్నాను," అన్నాడు. కంత సంగతి, ఒకటి ఇచ్చి ఒకటి ఉంచుకునే సంగతి చెప్పాడు. ఆమె మధ్యలో మాట్లాడకుండా విని, మళ్ళీ గడ్డం ఆనించమని ఎడమకన్ను చూసింది. ఈసారి చాలాసేపు చూసింది.

"ఇందులోనూ అంచున మొదలైంది పెద్దాయనా."

"అది మూసేవాణ్ణండీ."

"కంతలోంచి చూసేటప్పుడు మూశారు. మిగతా పని?"

"మిగతా పనంతా…" అని ఆగిపోయాడు. కలపడం, తిప్పడం, పైకొచ్చిన నురగ లాగడం, మూతి దగ్గర నిలబడి మనుషులకి కేకలేయడం. ఇవన్నీ రెండు కళ్ళూ తెరుచుకునే చేశాడు. ఏదీ దాచలేదు. దాచాననుకున్నాడు.

"రెప్ప ఎంత మందం ఉంటుంది చెప్పండి? ఎండలో కళ్ళు మూసుకుంటే ఎర్రగా కనిపించదూ?" అంది డాక్టరు. "మీవాళ్ళు నల్లద్దాలు ఇవ్వలేదా?"

"ఇచ్చారు. మేకుకున్నాయి."

"మేకుకేం కళ్ళున్నాయని?"

అతనికి నవ్వొచ్చింది. నవ్వాడు కూడా. ఆమె మాత్రం నవ్వలేదు. బట్టీ వదిలేస్తే ఎడమకన్ను చెడటం నెమ్మదిస్తుందనీ, వదలకపోతే తను ఏ మాటా ఇవ్వలేననీ చెప్పి తర్వాతి మనిషిని పిలిచింది.

బయటికొస్తే ఆ తెల్లటి ఆకాశమంతా కళ్ళలోకి దిగింది. చుక్కలమందుకి తలుపులు బార్లా తెరిచిన ఇల్లయ్యాయి కళ్ళు. చెయ్యి అడ్డుపెట్టుకుని, గోడల నీడ పట్టుకుని, బస్సు ఎక్కకుండా నడుచుకుంటూ ఇంటికొచ్చాడు.

*

అతని భార్య ఇంటి దగ్గర చొక్కాలకి కాజాలు కుడుతుంది. కుట్టడానికి వేళ్ళు బాగానే నడుస్తాయి గాని దగ్గరి చూపు ఆనదు. అందుకని రోజూ సాయంత్రం మేస్త్రి ఆమెకి సూదుల్లో దారాలెక్కించి, వరసగా ఒక గుడ్డ ముక్కకి గుచ్చి పెడతాడు. మర్నాడంతా ఆమె వాటితో లాక్కొస్తుంది. ఆ పని ఎడమకంటిది. "ఆ కన్ను నాది," అంటుందామె ఎవరైనా వింటుంటే. "ఇంకోదాన్ని పెళ్ళికి ముందే ఎవరికో ఇచ్చేశాడు."

ఆ సాయంత్రం అతను సూది పైకెత్తి దారం కొస నాలుకతో తడిపి గురిచూశాడు. దారం పక్కనుంచి పోయింది. మళ్ళీ తడిపాడు. మళ్ళీ పోయింది. చుక్కలమందు ఇంకా దిగలేదు. దీపం చుట్టూ పెద్ద గుండ్రటి వలయం.

"బూటు కుట్టాడా?" అంది భార్య.

"కొట్టు మూసుంది."

"కళ్ళేంటి, అంత నల్లగా ఉన్నాయి?"

"ఎండ."

"ఇవాళ ఎండెక్కడుంది?" అని, ఆమె లేచి ఇంకో దీపం కూడా వేసి వచ్చి కూర్చుంది. "నా కన్నుని కూడా తీసుకెళ్ళి ఎక్కడో తగలేశావా ఏం?"

ఎప్పుడూ అనే మాటే. ఎప్పుడూ నవ్వే మాటే. చెబుదామని అతను నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే అల్లుడు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కింద కూర్చున్నాడు. మేస్త్రి మళ్ళీ దారం తడిపాడు.

"మామయ్యా, ఆ రంగు ఎలా ఉంటుంది? ముందే తెలిస్తే మంచిది కదా."

"చెబితే తెలిసేది కాదు."

"దేనిలా ఉంటుంది పోనీ?"

మేస్త్రి సూది గుడ్డకి గుచ్చి పెట్టాడు. "దేనిలానూ ఉండదు. ఎండుగడ్డి రంగు ఉన్నట్టుండి పల్చబడుతుంది. ఇక ఏమీ మిగలదనుకుంటాం. అప్పుడు దాని లోపలి నుంచి ఇంకోటి పైకొస్తుంది. నిదానంగా. పిల్లలు నిద్రలో నవ్వుతారు చూడు, అలా వస్తుంది. ఎక్కువసేపుండదు. అది చూసి బయటికొస్తే మిట్టమధ్యాహ్నం కూడా సందకడ లాగుంటుంది." దారం ఉండని చేతిలో తిప్పాడు. "మొదట్లో నేను షిఫ్టు అయిపోయాక కూడా ఉండి చూసేవాణ్ణి."

"మీ అమ్మాయిని చూడ్డానికి నేను మీ వీధిలో తిరిగినట్టు," అన్నాడు అల్లుడు.

"మీ ఇద్దరికీ ఆ బట్టీనే ఇచ్చి పెళ్ళి చేసుండాల్సింది," అంది కూతురు వంటింట్లోంచి. "మాకీ బాధ తప్పేది."

అందరూ నవ్వారు. భార్య నవ్వుతూనే, అతని చేతిలోంచి దారం ఉండ తీసుకుని పక్కన పెట్టింది. ఎక్కించిన సూదులు రోజూ ఉండేదాంట్లో సగం కూడా లేవు. ఆమె లెక్క అడగలేదు.

*

మర్నాడు షిఫ్టులో అంతా మామూలే. బట్టీ మూతి దగ్గర గాలి నీళ్ళలా కదులుతోంది. మేస్త్రి కంత మూతని ఊచతో పక్కకి తోసి, ఎడమకన్ను మూసి, కుడి చెంప ఇటుకకి దగ్గరగా పెట్టాడు. తెలుపు. వెనకటికి ఎంతసేపు చూసేవాడో అంతసేపూ నిలబడ్డాడు. ఆ నిలబడటం మర్చిపోకూడదు. అటూ ఇటూ మనుషులు చూస్తుంటారు.

తర్వాత మూత వేసి పక్క తలుపు సందులోకి పొడుగాటి ఇనపఊచ దింపాడు. ఇది కూడా ఎప్పుడూ చేసేదే. కంటికి కనిపించింది చేత్తో సరిచూసుకోవడమని అందరూ అనుకుంటారు. ఏడాదిగా అతనికి ఉన్నది అదొక్కటే. తల పక్కకి తిప్పుకుని, రెండు చేతుల్లో ఊచని మెల్లగా తిప్పుతాడు. మొదట ఇసుకలో తెడ్డు తిప్పినట్టు గరగరమంటుంది. తర్వాత బంకమట్టిలా పట్టుకుంటుంది. ఆ పట్టు ఒకచోట సడలుతుంది. తేనెలో తిప్పినట్టు చెయ్యి దానంతట అది పోతుంది. అప్పుడు, "వచ్చింది," అంటాడు. సీసాలు ఊదేవాళ్ళు గొట్టాలు పట్టుకుని వరస కడతారు. రెండు మూడుసార్లు చెయ్యి తప్పింది. సీసాల్లో బుడగలొచ్చాయి. ఇసుక బాగాలేదన్నాడు.

మధ్యాహ్నం అందరూ మంచినీళ్ళకి బయటికి పోయారు. బట్టీ, అతనూ మిగిలారు. లోపల మంట సన్నగా గొంతు సవరించుకుంటున్నట్టు మోగుతోంది. చెయ్యి చెప్పింది, ఇంకాసేపట్లో వస్తుందని. గోడ ఇవతల అతను, గోడ అవతల అది. మధ్యలో ఇనపమూత.

కుడికన్ను మూశాడు. ఎప్పుడూ అటు తిప్పని ఎడమ చెంపని కంత దగ్గరికి తెచ్చాడు. ఆ చెంపకి ఇటుక వేడి కొత్త. రెప్పమీద వెచ్చగా ఎవరో ఊదుతున్నట్టుంది. ఒక్కసారి. రెప్పపాటు. ఎలాగూ మొదలైందిగా, డాక్టరే చెప్పింది. మూత కొక్కెం మీద వేళ్ళు బిగిశాయి. చిన్నప్పుడు కూడా దేనికోసమూ ఒళ్ళు ఇంతగా లాగలేదనిపించింది.

"ఏరా, అంత దగ్గరకెళ్ళి దాన్ని ముద్దుపెట్టుకుంటున్నావా?"

బుగ్గలు. తర్వాతి షిఫ్టుకి ముందే వచ్చాడు. కుర్రతనంలో గొట్టం ఊది ఊది పొంగిన బుగ్గలు ఇప్పుడు జారి దవడల మీదికి వేలాడుతుంటాయి. మేస్త్రి కొక్కెం వదిలి ఇవతలికి జరిగాడు.

"నీకు ఆలుబిడ్డలున్నారు. నాకైతే ఇదొక్కత్తే. జరుగు," అని బుగ్గలు మూత తోసి, కుడికన్ను మూసి, ఎడమకంటితో చూశాడు. కదలకుండా చూస్తున్నాడు. కంటికొన నుంచి నీరు బుగ్గమీదుగా కారి చొక్కాలోకి పోయింది. భుజంతో తుడుచుకున్నాడు గాని చూపు తిప్పలేదు. ముఖమంతా మెత్తబడింది. "వచ్చిందిరా. అబ్బ, ఇవాళ ఎంత బాగుందో. చూశావా?"

"చూశాను," అన్నాడు మేస్త్రి.

"ఈ మధ్య కాస్త మసగ్గా ఉంటోంది నాకు. పొగేమో." మూత వేసి రెండు కళ్ళూ నులుముకున్నాడు. "ఏం పర్లేదు. నీ ఎడమా, నా కుడీ కలిపితే ఒక మనిషికి సరిపోతాయి. ముసలితనంలో ఒకే అరుగు మీద కూర్చుందాం. రోడ్డుకి అటువైపు నువ్వు చూడు, ఇటువైపు నేను చూస్తాను."

మేస్త్రి ఊచ తీసుకుని సందులోకి దింపాడు. తేనె. చేతికి అంత స్పష్టంగా తెలుస్తుంటే ఆ చేతుల్ని ఎక్కడ దాచుకోవాలో అతనికి తోచలేదు.

*

సోమవారం అల్లుడు ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. ఊదేవాళ్ళు గొట్టాలు పక్కన పెట్టి నిలబడ్డారు. మేనేజరు కూడా ఆఫీసు గదిలోంచి దిగి వచ్చాడు. బుగ్గలు షిఫ్టు కాకపోయినా వచ్చాడు. కొత్తవాడు కన్ను ఇచ్చేటప్పుడు బట్టీ చూసే ఇంకొకడు దగ్గరుండటం వాళ్ళకి మర్యాద.

"మామ అడిగితే అల్లుడు కాదనగలడా?" అన్నాడెవరో. "రెండూ అడుగు మేస్త్రీ, ఇచ్చేస్తాడు."

నవ్వులు ఆగాయి. అందరూ మేస్త్రి నోటికేసి చూస్తున్నారు. అతను కంతకి ఒక పక్కన నిలబడ్డాడు. అల్లుడు ముందుకొచ్చి, వాళ్ళావిడ చెప్పినట్టే కుడికన్ను మూసుకున్నాడు. కనురెప్ప వణుకుతోంది. అడగకుండానే, "ఎడమదండీ," అన్నాడు.

మేస్త్రి కంత మూతకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"తెరువు ఆ కన్ను," అన్నాడు.

"మామయ్యా?"

"తెరవమన్నాను." గొంతు సవరించుకున్నాడు. "ఇందులోంచి నాకేమీ కనిపించక ఏడాది దాటింది."

మేనేజరు, "ఏమంటున్నావు మేస్త్రీ? మరి రోజూ వచ్చిందంటావు?" అన్నాడు.

"ఊచ చెబుతుందండి. పాకం పట్టు సడలినప్పుడు చేతికి తెలుస్తుంది. తల పక్కకి పెట్టుకుని తిప్పొచ్చు. నల్లద్దాలు పెట్టుకుని తిప్పొచ్చు. కంత అక్కర్లేదు. కొన్నిసార్లు తప్పింది. ఆ బుడగలు ఇసుకవి కాదు, నావి." ఒక్కొక్క మాటా ఊచ లాగినట్టు లాగుతున్నాడు. "డాక్టరు దగ్గరికెళ్ళాను. ఇచ్చిన కన్ను పోయింది. ఉంచుకున్నదాంట్లోనూ మొదలైంది. మూసినా పోతుందట. ఒకటిచ్చి ఒకటి ఉంచుకోవడమన్నది లేదు. మనమే అనుకున్నాం."

అల్లుడు కన్ను తెరిచాడు. మేస్త్రి మాత్రం అల్లుడికేసి చూడటం లేదు. బుగ్గలకేసి చూస్తున్నాడు.

"ఏడాది," అన్నాడు బుగ్గలు.

"ఆ."

"మొన్న నేను చూశావా అంటే చూశానన్నావు."

"అన్నాను."

"నేను రోజూ ఇందులో కన్ను పెట్టి చూస్తుంటే, అక్కర్లేదని తెలిసి కూడా నువ్వు పక్కన నిలబడ్డావు."

మేస్త్రి తల ఊపాడు. ఇంకేమైనా అంటాడేమోనని చూశాడు. తిట్టినా బాగుండేది. బుగ్గలు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, మనుషుల్ని తప్పించుకుంటూ బయటికి నడిచాడు. ఎడమవైపు నిలబెట్టిన గొట్టాల కట్ట అతని కాలికి తగిలి పడింది. ఆ చప్పుడికి వెనక్కి తిరిగి చూడలేదు.

మేస్త్రి మేకు మీదున్న అద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి అల్లుడి ముఖానికి పెట్టాడు. ఊచ చేతికిచ్చి, వెనక నిలబడి, అతని చేతుల మీద తన చేతులు వేసి తిప్పించాడు. "ఏం తెలుస్తోంది?"

"బరువు తెలుస్తోంది. ఇంకేమీ తెలియట్లేదు మామయ్యా."

"తెలియదు. కొన్నాళ్ళు పడుతుంది. తిప్పు."

ఈ గొడవలో పాకం దాటిపోయింది. ఆ పూట ఊదిన సీసాలన్నీ మెడ దగ్గర వంకరపోయాయి. మేనేజరు వాటిని చూసుకుంటూ వెళ్ళి, తిరిగొచ్చి, పెద్దగా అరవకుండానే చెప్పాడు. ఈ వారం పక్క తలుపు దగ్గరుండి ఊచ నేర్పాలి. అల్లుడికే కాదు, రెండో షిఫ్టుకి కూడా. కంత మూత తీయకూడదు. వారం తర్వాత ప్యాకింగు షెడ్డుకి వెళ్ళిపోవాలి. చెప్పి, "సరేనా పెద్దాయనా?" అన్నాడు.

మేస్త్రీ అని పిలవలేదు. సాయంత్రం గేటు దాటేటప్పుడు కాపలావాడు కూడా పెద్దాయనా అన్నాడు. మాట అంత తొందరగా గేటుదాకా ఎలా నడిచొచ్చిందా అనుకున్నాడు.

*

అల్లుడు దారంతా రెండడుగులు ముందే నడిచాడు. ఇంటికొచ్చాక కూతురితో అంతా అతనే చెప్పాడు, పెరట్లో నిలబడి, గొంతు తగ్గించి. ఆమె మొగుడి గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పి, రెండు కళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి చూసింది. తర్వాత కుళాయి తిప్పి ముఖం కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

లోపల భార్య కాజాల చొక్కా మడత పెడుతోంది. మేస్త్రి గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు.

"నీ అల్లుడు చెప్పింది వినబడింది," అంది. "పని పోయిందా, పేరు పోయిందా?"

"పేరే."

"పోతే పోయింది." మడత సరిచేసింది. అతనికేసి చూడకుండా అడిగింది. "నాది?"

"అందులోనూ ఉంది. అంచున. ఇక మంట దగ్గరకి పోకపోతే నెమ్మదిగా ముదురుతుందంది."

ఆమె చొక్కా ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. దగ్గరికి జరిగింది. సూది కన్నం వెతుక్కున్నట్టు అతని ఎడమకంట్లోకి చూసింది. ఇంత దగ్గరగా ఆమె ముఖం చూసి ఎన్నాళ్ళైందో అతనికి గుర్తు రాలేదు. రోజూ ఇదే ఇంట్లో ఉన్నాడు. సాయంత్రాలన్నీ ఈ కంటితో సూదులే చూశాడు. దాచుకున్న కన్నుని దేనికి దాచుకున్నాడో దానికి మాత్రం ఎప్పుడూ తీరిక చేసుకోలేదు. ఆమె కనుబొమ్మ పక్కన చిన్న పుట్టుమచ్చ ఉంది. ఎప్పటి నుంచో ఉండే ఉంటుంది.

"నాకేం కనిపించడం లేదులే అందులో," అందామె. "నేనే ఉన్నాను." లేచి వంటింట్లోకి వెళ్ళింది.

కూతురు కంచాలు తెచ్చింది. షిఫ్టుల ఇంట్లో నలుగురూ ఒక వేళకి తినడం అరుదు. ఎవరెక్కడ కూర్చోవాలో తెలియక కాసేపు అటూ ఇటూ జరిగారు. అన్నం గిన్నె మధ్యలో పెట్టింది. కూర పక్కన పెట్టింది. వడ్డించబోతుంటే గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది.

బుగ్గలు. షిఫ్టుకి పోలేదు. తువ్వాలు ఇంకా భుజాన్నే ఉంది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. అతను గుమ్మంలో నిలబడి, వెలుతురుకి కళ్ళు చికిలించి, మనుషుల్ని ఒక్కొక్కరినే పోల్చుకున్నాడు. మేస్త్రి లేవబోయాడు. బుగ్గలు చెయ్యి అడ్డంగా ఊపి కూర్చోమన్నాడు.

అల్లుడు పక్కకి జరిగాడు. ఆ ఖాళీలో, మేస్త్రి ఎదురుగా, బుగ్గలు మఠం వేసుకుని కూర్చున్నాడు. భార్య లేచి ఇంకో కంచం తెచ్చింది. ముందు అతనికే వడ్డించింది.

బయట రోడ్డు మీద సైకిలు బెల్లు మోగి దూరమైంది. మేస్త్రికి అడగాలని ఉంది. ఇవాళ రెండో షిఫ్టు ఎవరు చూశారని. ఇన్నేళ్ళూ చూసిన ఆ రంగు నీకు గుర్తుంటుందా, నాకు మెల్లమెల్లగా చెదిరిపోతోందని. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. బుగ్గలు తల వంచుకుని తింటున్నాడు. నమిలినప్పుడల్లా ఆ జారిన బుగ్గలు కదులుతున్నాయి. మధ్యలో ఒకసారి కూరగిన్నె కోసం ఎడమవైపు తడిమితే, మేస్త్రి దాన్ని అతని చేతికింద వరకు జరిపాడు. బుగ్గలు గిన్నె అందుకున్నాడు. తలెత్తలేదు.

భార్య గరిటెతో అన్నం తీసుకుని బుగ్గల కంచం మీదికి వంగింది. అతను వద్దనలేదు.